కాకతీయుల వియ్యాలు, ఆడపడుచుల శాసనాలు

ఒరేయ్,

నువ్వు పంపిన కాకతీయ వంశవృక్షం చూశాను. మగవాళ్ళ వరస బాగానే కుదిరింది గానీ, పెళ్ళిళ్ళేవిరా? రుద్రమ పక్కన భర్త వీరభద్రుడి పేరొక్కటి పెట్టి ఊరుకున్నావు. గణపతిదేవుడి రాజ్యం కృష్ణ దాటి సముద్రం ఒడ్డుదాకా ఎలా పాకిందో తెలియాలంటే యుద్ధాలతో పాటు వియ్యాలూ లెక్కలోకి రావాలి. అసలు ఆ వంశం గురించి మనకు తెలిసినదాంట్లో గట్టి సంగతులు కొన్ని అత్తారింటికి వెళ్ళిన ఆడపడుచులు వేయించిన శాసనాల వల్లే మిగిలాయి.

ముందు బయ్యారం చెరువు శాసనం తీసుకో. వేయించింది మైలాంబ, గణపతిదేవుడి తోబుట్టువు. నతవాడి రుద్రుడి భార్య. మధిర, నందిగామ ప్రాంతాలు ఏలిన వంశం అది. మైలాంబ తోబుట్టువు కుందాంబనూ ఆ రుద్రుడికే ఇచ్చారు. చెరువు తవ్వించిన సందర్భంలో మైలాంబ తన పుట్టింటి వరసంతా చెప్పించింది: దుర్జయ కులంలో వెన్నడు, తర్వాత ముగ్గురు గుండలు, ఎర్రడు, పిండి గుండడు, అక్కణ్ణుంచి బేత, ప్రోల అనే పేర్లున్న రాజులు. ఈ వరస కట్టుకథ కాదని ఎలా తెలుస్తుందంటావా? క్రీ.శ. 956 నాటి మాగల్లు తామ్రశాసనం ఉంది, వేంగి చాళుక్య దానార్ణవుడిది. అందులో గుండియ, ఎరియ, బేతియ, అతని భార్య వంద్యనాంబ, కొడుకు కాకర్త్య గుండ్యన అని వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టు, పేర్లు చాలావరకు కలుస్తాయి. బేతియ ఒక్కడే బయ్యారంలో కనిపించడు. నీ పటంలో అతణ్ణి చేర్చు, కానీ గీత పక్కన ‘మాగల్లు’ అని రాయి. ఏ పేరు ఏ శాసనంలోదో రాయకపోతే పటం చెల్లదు.

ఇక దివిసీమ. అక్కడి అయ్య వంశం వాళ్ళు మొదట వెలనాటి చోళుల కొలువులో ఉన్నవాళ్ళు. గణపతిదేవుడు దివిని గెలిచాక పినచోడి కూతుళ్ళు నారాంబ, పేరాంబలను పెళ్ళాడాడు, వాళ్ళ తోబుట్టువు జాయపను గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా నియమించాడు. ఓడిన ఇంట్లోంచి ఇద్దరు రాణులూ ఒక సేనానీ! ఇక్కడ మాత్రం సంగతి చెప్పినవాడు మగవాడే. జాయపకు శక 1135 నాటి చేబ్రోలు శాసనం ఉంది, దివిలో శక 1153 నాటి గణపేశ్వరం శాసనం ఉంది. తన వంశం, అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు గణపేశ్వరంలో దొరుకుతాయి. నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాసింది కూడా ఈ జాయపే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది యనమదల శాసనం. గణపతిదేవుడి కూతురు గణపాంబను ధరణికోట ఏలిన కోట వంశపు బేతరాజుకిచ్చారు. ఆ వంశం వాళ్ళు కృష్ణకు దక్షిణాన ‘ఆరువేల’ నాడు అనే సీమ తమకు త్రినయన పల్లవుడనే పూర్వపు రాజు ప్రసాదమని చెప్పుకొనేవాళ్ళు. భర్త పోయాక గణపాంబ ఆయన పేర ధరణికోటలో బేతేశ్వరం, తండ్రి పేర యనమదలలో గణపేశ్వరం అనే గుళ్ళు కట్టించింది. పుట్టింటి వరస, మెట్టినింటి వరస రెండూ ఒకే శాసనంలో చెప్పించింది. నీ పటంలో ఈ అమ్మాయే లేదు! కోట వంశానికి పక్కన వేరే కొమ్మ గియ్యి.

పేర్ల దగ్గరే అందరూ తప్పులో కాలేస్తారు. తాత పేరు మనవడికి పెట్టడం వల్ల బేత, ప్రోల, రుద్ర తిరిగి తిరిగి వస్తాయి. కాకతి బేత వేరు, కోట బేత వేరు. 1158 నుంచి 1195 దాకా ఏలిన రుద్రదేవుడు గణపతికి పెదతండ్రి. రుద్రమకూ శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అనే పేరుంది. కాబట్టి ప్రతి పేరుకూ తండ్రి పేరు, ఊరు, శక సంవత్సరం తప్పకుండా చేర్చు. మోటుపల్లి రాణి భర్త పోయాక రాజ్యమేలిందని మార్కోపోలో రాయడంతో రుద్రమను గణపతి భార్యగా రాసినవాళ్ళూ ఉన్నారు. శక 1183 నాటి మల్కాపురం శాసనం ఆమె గణపతి కూతురేనని తేలుస్తుంది. వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుల ఇందుశేఖరుడి కొడుకు. అంటే వేంగి వైపు పొత్తు ఆ పెళ్ళితో కుదిరిందన్నమాట.

తేదీల సంగతి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీ.శ. వస్తుంది. తిథి పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో పడి జనవరి ఒకటి దాటితే 79 కలపాలి. సంవత్సరం పేరు కూడా సరిచూడు: శక 1135 అంటే 1213, శ్రీముఖ. పేరు కలవకపోతే అంకె చదవడంలో పొరపాటు జరిగిందేమో చూసుకో. శ్లోకాల్లో అంకెలు మాటల్లో ఉంటాయి, కుడి నుంచి ఎడమకు చదవాలి. మచ్చుకి, రామ, బాణ, ఇందు, చంద్ర అంటే 3, 5, 1, 1. తిప్పితే 1153. ఇది మరిచిపోతే శతాబ్దాలే తారుమారవుతాయి.

పాత పుస్తకాల్లో రుద్రమ మరణం 1295 అని చూసి నువ్వూ అదే రాశావు. చందుపట్ల శాసనం దొరికాక 1289 నవంబరని తేలింది, మార్చెయ్యి. వంశానికి మొదట్లో సూర్యుడి నుంచి కరికాల చోళుడి దాకా గీసిన నిండు గీతలు కూడా చెరిపి చుక్కల గీతలు పెట్టు. అవి ప్రశస్తి కోసం చెప్పుకున్నవి. మూలపురుషుడుగా చెప్పుకొనే దుర్జయుడు అయితే కాకతీయులకీ కోట వాళ్ళకీ ఉమ్మడి, అతన్నీ చుక్కల్లోనే ఉంచు.

చివరి తరంలో గీత కొడుకు మీదుగా కాక కూతురి మీదుగా నడుస్తుంది. రుద్రమ కూతురు ముమ్మడమ్మ, అల్లుడు మహాదేవుడు, మనవడు ప్రతాపరుద్రుడు. నువ్వు ప్రతాపరుద్రుణ్ణి నేరుగా రుద్రమకు తగిలించావు. దత్తత నిజమే, దానికి వేరే రంగు గీత గియ్యి, ముమ్మడమ్మ పేరు మాత్రం మధ్యలో ఉండాల్సిందే. ఇంకో కూతురు రుయ్యమ్మ, మంత్రి ఇందులూరి అన్నయ భార్య. ఆమెనూ చేర్చి ఈసారి కాస్త పెద్ద కాగితం మీద గీసి పంపు, కోట, నతవాడి, అయ్య వంశాల కొమ్మలకు చోటు చాలట్లేదు.

ఉంటానురా,
నీ మిత్రుడు