వెల్లుల్లి వద్దన్నవారికి వెల్లుల్లి ఆవకాయ ఎలా వెళ్లింది: మా కొనుగోలుదారులకు వివరణ

అందరికీ నమస్కారం.

గత నెలలో మా పచ్చళ్ల దుకాణం నుంచి, వెల్లుల్లి ముట్టని ఒక పెద్దావిడ ఇంటికి వెల్లుల్లి వేసిన ఆవకాయ వెళ్లింది. సీసా మూత తీయగానే వాసన తగిలి ఆవిడ వెంటనే పక్కన పెట్టేశారు. మా పాత పుస్తకంలో ఆవిడ పేరు పక్కన ‘వెల్లుల్లి వద్దు’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ మాట ఎలా పోయిందో దాచకుండా చెప్పవలసిన బాధ్యత మాది.

ఈ ఏడాది మొదట్లో పుస్తకాల్లోని పేర్లన్నిటినీ కంప్యూటరులోకి ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాము. ఫోనులో విన్న పేరును మా వాళ్లు తలా ఒక రకంగా రాయడంతో ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలు ఏర్పడ్డాయి. వాటిని కలపడానికి సౌండెక్స్ అనే పద్ధతిని వాడాము. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంటు పొందిన ఆలోచన నుంచి వచ్చిన ఈ పద్ధతి, పేరులోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులను, హెచ్, డబ్ల్యూ, వై అక్షరాలను వదిలేసి, మిగిలిన హల్లులను ధ్వని పోలికను బట్టి ఆరు గుంపులుగా చూసి అంకెలు వేస్తుంది. మూడు అంకెలు రాగానే ఆగిపోతుంది. లక్ష్మి అనే పేరును ‘కె, ఎస్, హెచ్’లతో రాసినా, ‘ఎక్స్’తో రాసినా ఎల్-250 అనే వస్తుంది. అది చూసి పని తీరిందనుకున్నాము.

అసలు పేర్లు బయటపెట్టడం సరికాదు కనుక, అదే పోలిక గల వేరే పేర్లతో జరిగినది చెబుతాను. లక్ష్మణ్ అన్నా, లక్ష్మమ్మ అన్నా ఈ పద్ధతిలో ఎల్-255 అవుతుంది. ఊరు కూడా ఒకటే కావడంతో యంత్రం ఇద్దరి ఖాతాలనూ కలిపేసింది. ఒకరి చిరునామా మిగిలింది, ఇంకొకరి ఆహార నియమం చెరిగిపోయింది. వెంకట్, వెంకటమ్మ, వెంకటరమణ, వెంకటేశ్వర్లు, ఈ నలుగురికీ వచ్చేది వీ-523 ఒక్కటే. అమెరికా ఇంటిపేర్ల కోసం పుట్టిన కొలతను మన పేర్లకు పెట్టే ముందు ఇది సరిచూసుకోకపోవడం పూర్తిగా నా తప్పు. మరోవైపు ఎల్లమ్మను ఇంగ్లీషు ‘ఇ’తో ఒకసారి, ‘వై’తో ఒకసారి రాస్తే, మొదటి అక్షరం మారినందున ఒకే మనిషి ఇద్దరుగానే మిగిలిపోయారు.

అక్షరాల మార్పులను లెక్కపెట్టే మరో పద్ధతినీ చూశాము. రష్యా గణితవేత్త వ్లాదిమిర్ లెవెన్‌ష్టైన్ 1965లో చెప్పిన ఈ లెక్క, ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసేయాలో, మార్చాలో చూస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో సీత గీత కావడానికి ఒక్క మార్పు చాలు. లక్ష్మి రెండు రూపాల మధ్య మాత్రం మూడు మార్పులు ఉన్నాయి. అంటే వేర్వేరు మనుషులు దగ్గరగానూ, ఒకే మనిషి దూరంగానూ కనిపిస్తారు.

అందుకే ఇప్పుడు పేర్లను తెలుగులోనే రాసుకుంటున్నాము. శ, ష, స తేడాలను, ణ, న తేడాలను, ‘ఎల్లమ్మ, యెల్లమ్మ’ వంటి తేడాలను ఒకటిగా చూసి, ‘వీరు ఒకరేనా?’ అని అడగడం వరకే యంత్రం పని. దీర్ఘాన్ని మాత్రం వదలడం లేదు. రమ, రామ ఒకరు కారు. తెలుగులోనూ చిక్కు లేకపోలేదు: లక్ష్మి కంటికి రెండే అక్షరాలైనా, పొల్లులను, గుడిని విడివిడిగా లెక్కించే కంప్యూటరుకు ఏడు గుర్తులు. కనుక ఖాతాలు కలపాలో వద్దో ఫోను చేసి అడిగిన తర్వాత మనిషే నిర్ణయించాలని నియమం పెట్టుకున్నాము. కలిపినా, ‘వద్దు’ అని రాసిన మాట ఏ ఖాతాలో ఉన్నా అది నిలిచే ఉంటుంది.

ఆ పెద్దావిడకు సొమ్ము తిరిగి ఇచ్చి, వేరే గిన్నెల్లో కలిపిన మాగాయను నేనే తీసుకువెళ్లి అందజేసి క్షమాపణ చెప్పుకున్నాను. పాత పుస్తకాలు ముందు పెట్టుకుని ప్రతి ఖాతాను మళ్లీ సరిచూస్తున్నాము. ఇప్పటికి ‘మ’ దాకా వచ్చాము. ‘య’ నుంచి ‘హ’ వరకు పేర్లున్నవారు ఈలోగా ఆర్డరు పెడితే, దయచేసి మీ నియమాలను మరొకసారి చెప్పండి. ‘వ’ దగ్గర పేర్లు చాలా ఉన్నందున అక్కడ కొంత ఆలస్యం అవుతుంది.