గులాబీ మచ్చలు, మామిడి పూత మీద బూడిద: మందు కొట్టే ముందు ఒకసారి చదవండి

ఆకుల మీద మచ్చలేంటని మన మొక్కల గ్రూప్‌లో పెట్టిన గులాబీ ఫోటోలన్నీ చూశానండి, ఎక్కువగా నల్ల మచ్చ తెగులే. మచ్చ అంచు చీలికలుగా ఉండి చుట్టూ ఆకు పసుపుకి తిరిగితే ఇక అనుమానం అక్కర్లేదు. ఆకు ఏకధాటిగా 7 గంటలు తడిగా ఉంటే చాలు, శిలీంధ్రం లోపలికి దిగిపోతుంది, అందుకే సాయంత్రం పైపుతో మొక్క తల మీద కొట్టడం మానేసి పొద్దున్నే మొక్క మొదలు దగ్గర నీళ్లు పోయండి. రాలిన ఆకులు ఏరి పారేయండి, కంపోస్ట్‌లో మాత్రం వద్దు.

బూడిద తెగులు సంగతి వేరు. దానికి ఆకు తడవక్కర్లేదు, గాలిలో తేమ చాలు. మామిడి పూత మీద తెల్లటి పొడిలా కనిపించేది ఇదే, వదిలేస్తే పూతా పిందే రాలిపోతాయి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లండి, కానీ వేడి 32 డిగ్రీలు దాటే రోజుల్లో వద్దు, ఆకులు మాడతాయి. వేపనూనె కొట్టి ఉంటే 2 వారాలు ఆగాలి, ఈ రెండూ కలిపి కొట్టేస్తామంటే నాకు టెన్షన్!

మచ్చ పడిన ఆకు ఎలాగూ మళ్లీ పచ్చబడదు, కొత్త చిగురు శుభ్రంగా వస్తోందా అన్నదే చూసుకోండి. ఇకపై ఫోటో పెట్టేవాళ్లు ఆకు వెనక వైపు కూడా తీయండి, గులాబీకి అక్కడ నారింజ రంగు పొడి ఉంటే అది తుప్పు తెగులు.