ఆ పాటకు బాణీ కట్టిందెవరు?

సంపాదకుల వారికి,

ఆగస్టు 16న మీ జిల్లా పేజీలో పెద్ద ఫొటోతో ఒక వార్త వేశారు. కాలేజీ మైదానంలో పిల్లలంతా కలిసి ‘జయ జయ జయ ప్రియభారత’ పాడారని, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి గీతంతో మైదానం మారుమోగిందని రాశారు. చాలా సంతోషం. వేదిక మీద కూర్చున్న వాళ్ల పేర్లు హోదాలతో సహా పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను. షామియానా ఇచ్చిన దాత పేరు కూడా ఉంది. ఆ పాటకు బాణీ కట్టిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. పోనీలే అని పది రోజులు ఊరుకున్నాను. నావల్ల కాలేదు.

ఆ బాణీ వింజమూరి అనసూయాదేవి గారిది. ఆవిడ పరాయి ఊరి మనిషి కాదు, 1920 మే 12న మన కాకినాడలో పుట్టారు. కృష్ణశాస్త్రి గారికి మేనకోడలు. తల్లి వెంకటరత్నమ్మ గారు ఆ రోజుల్లోనే ‘అనసూయ’ పేరుతో ఆడవాళ్ల కోసం పత్రిక నడిపారు. పత్రికలో పనిచేసేవాళ్లకైనా ఈ సంగతి తెలిసి ఉండాలి కదా!

నేను ముప్పై ఒక్క ఏళ్లు బడిలో సంగీతం చెప్పాను. ఈ పాట ఎన్ని వందల మందికి నేర్పానో లెక్కలేదు. పాట నిండా పొడుగాటి సంస్కృత సమాసాలు. ఆరో తరగతి పిల్లల చేత ఊరికే చదివించి చూడండి, రెండో పాదంలోనే నాలుక తడబడుతుంది. అదే పాడించండి, మూడు రోజుల్లో నోటికి వచ్చేస్తుంది. మాట ఎక్కడ విరవాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ వరసలోనే ఉంది. శ్రుతి నిలవని పిల్లలు కూడా గుంపులో కలిసిపోతారు. వెనక వరసలో నోరు విప్పకుండా నిలబడే మొగపిల్లలు సైతం ‘జయ జయ’ దగ్గరికి వచ్చేసరికి గొంతు కలిపేవారు. రెండు వందల మంది ఒక్క గొంతుగా పాడే వరస కట్టడం ఎంత కష్టమో పిల్లలకు పాట నేర్పినవాళ్లను అడగండి, చెబుతారు.

ఆవిడ చేసింది ఇదొక్కటే కూడా కాదు. చెల్లెలు సీతాదేవి గారితో కలిసి పల్లె పాటలను కచేరీ వేదిక ఎక్కించారు. ఊడ్పుల్లో, దంపుళ్ల దగ్గర ఆడవాళ్లు పాడుకునే పాటలను అప్పట్లో సంగీతం కింద లెక్కేసేవాళ్లెవరు? మా అమ్మ ఊడ్పు చేలో పాడిన పాటలు నేనే రాసిపెట్టుకోలేదు. అమ్మతోనే పోయాయి. అది తలుచుకుంటే ఆ అక్కచెల్లెళ్ల విలువ నాకు ఇంకా బాగా తెలుస్తుంది. సీతాదేవి గారు ‘మా భూమి’ సినిమా సంగీతంలోనూ పాలు పంచుకున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1977లో అనసూయాదేవి గారికి కళాప్రపూర్ణ అనే గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆవిడ 2019 మార్చిలో అమెరికాలో, హ్యూస్టన్‌లో పోయారు. మరుసటి ఏడే శతజయంతి. అప్పుడు కరోనా, ఎవరినీ అనలేం. తర్వాతైనా మా చుట్టుపక్కల ఒక్క సభ జరిగినట్టు నేను వినలేదు.

పేరు మరిచిపోవడం పత్రికల తప్పు ఒక్కటే అనను. బడిలో పాటకే చోటు లేకుండా పోయింది. నేను రిటైరయ్యాక మా బడిలో నా పోస్టులోకి ఎవరూ రాలేదు. మొన్న చూడ్డానికి వెళ్తే నా హార్మోనియం స్టోర్ రూములో ఉంది, దాని మీద మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల ట్రేలు పెట్టారు. గాలి కొట్టే తిత్తి (బెలోస్) చిరిగిపోయింది. కళ్లనీళ్లు వచ్చాయి. పోస్టు నింపమని, కనీసం పాట వచ్చిన టీచరుకు వారానికి రెండు పీరియడ్లు ఇవ్వమని రెండుసార్లు అర్జీ పెట్టాను. రెండుసార్లూ ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పే నాథుడు లేడు. ఆగస్టు 15 వారం రోజుల్లోకి వచ్చేసరికి మాత్రం, ‘మేడమ్, కాస్త వచ్చి పిల్లల చేత పాట ప్రాక్టీసు చేయించండి’ అని ఫోన్లు. మోకాళ్ల నొప్పులతోనే వెళ్తాను. పిల్లలు ఏం పాపం చేశారు?

జనవరి 26కి మళ్లీ ఈ పాటే పాడిస్తారు. నిర్వాహకులకు నా మనవి, ఆహ్వాన పత్రంలో ‘రచన’ కింద ‘బాణీ: వింజమూరి అనసూయాదేవి, కాకినాడ’ అని వేయండి. పాటకు ముందు మైకులో ఆ పేరు చదవండి. మీరు కూడా దయచేసి ఈలోపు అదే పేజీలో ఒక సవరణ వేయండి. పదకొండు పేర్లు పట్టిన చోట పన్నెండో పేరు పట్టకపోదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సంగీతం టీచరు,
ద్రాక్షారామం