ఆశా కార్యకర్త కాగితంలో తలనొప్పికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలి కూతురికి 24 ఏళ్లు. కాన్పయిన పదకొండో రోజున తలనొప్పి మొదలైంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, తలుపులు మూసిన గది. బాలింత ఎక్కువ తాగితే ఒంటికి నీరు పడుతుందని మంచినీళ్లు గ్లాసుతో కొలిచి ఇచ్చాం. ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. పడుకుంటే నొప్పి ఎక్కువవుతోందని ఆ పిల్ల రాత్రంతా గోడకు దిండు వేసుకుని కూర్చునేది. నిద్ర చాలక అన్నాం, వాతం అన్నాం, మాత్రలు వేశాం. పదిహేనో రోజు తెల్లవారుజామున పాలిస్తుండగా కుడిచెయ్యి దానంతటదే ఎగిరెగిరి పడింది. మా చెల్లెలు బిడ్డను అందుకునేలోగా మూర్ఛ వచ్చేసింది.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో మామూలు సీటీ స్కాన్ తీసి ఏమీ లేదన్నారు. రెండోచోట డాక్టరమ్మ, కాన్పయి ఎన్నాళ్లయిందని అడిగి, సిరలను చూపే ఎమ్మార్ వీనోగ్రామ్ తీయించారు. మెదడు నుంచి రక్తాన్ని కిందికి చేర్చే పెద్ద సిరలో రక్తపు గడ్డ కనిపించింది. మామూలు సీటీలో ఇది బయటపడకపోవడం కొత్తేమీ కాదట. సిర మూసుకుపోయి మెదడులో కొంత రక్తం చిమ్మింది. అయినా రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షనే ఇస్తామన్నప్పుడు మా ప్రాణాలు మా దగ్గర లేవు. ఈ జబ్బుకు సరైన వైద్యం అదేనని ఆమె ఓపికగా చెప్పారు. ఆరు నెలలు మాత్రలు వాడి మా పిల్ల పూర్తిగా కోలుకుంది.

కాన్పు తర్వాత కొన్ని వారాల పాటు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ. రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గడం దానికి తోడవుతాయి. అలాగని మెదడు సిరల్లో ఇలా రక్తం గడ్డకట్టడం బాలింతల జబ్బు మాత్రమే కాదు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు ఈ జబ్బు వచ్చిన 428 మంది రోగులపై 2012లో ప్రచురించిన అధ్యయనంలో సగానికి మించి మగవాళ్లే. సగటు వయసు 31 ఏళ్లు. రక్తహీనత, మద్యం, గర్భనిరోధక మాత్రలు అందులో తేలిన కారణాల్లో ఉన్నాయి. నోములకూ పెళ్లిళ్లకూ నెలసరి వాయిదా వేసుకోవడానికి మన ఆడపిల్లలు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే హార్మోన్ మాత్రలంటే నాకు ఇప్పుడు భయం.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వస్తారు. మా ఇంటికీ పద్నాలుగో రోజున వచ్చారు. బిడ్డను తూచారు, ఒళ్లు వేడి చూశారు, పాలు సరిపోతున్నాయా అని అడిగారు. తన కాగితంలో ఉన్న పనంతా శ్రద్ధగా చేశారు. అంతసేపూ మా పిల్ల గోడకు ఆనుకునే ఉంది.

ఆ కాగితంలో తల్లి కోసం మూడు ప్రశ్నలు చేర్చాలని రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను కోరుతున్నాను. తలనొప్పి తగ్గకుండా ఉందా? పడుకుంటే పెరుగుతోందా? చూపు మసకబారుతోందా? ఔనంటే అదే రోజు ఆమెను 108లో పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడ వీనోగ్రామ్ తీసే ఏర్పాటూ ఉండాలి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా