బస్సులో నాన్న చేయి వదలని కండక్టర్ గారికి

నాన్న నిద్రపోతున్నారు. నాకు కన్ను మూతపడడం లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది ఉద్దానం, కవిటి మండలం. నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నిన్న శ్రీకాకుళంలో చేయించుకుని ఇచ్ఛాపురం బస్సులో వస్తుంటే, కోటబొమ్మాళి దాటాక చేతి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) దగ్గర రక్తం చిమ్మింది. డయాలసిస్ చేసేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కదా, ఒక పట్టాన ఆగదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

కండక్టర్ గారు టిక్కెట్ల మిషను సీట్లో పడేసి వచ్చి నాన్న ముందు కింద కూర్చున్నారు. చేయి పైకెత్తి, సరిగ్గా రక్తం వస్తున్నచోట బొటనవేలితో అదిమిపట్టారు. "గుడ్డ చుడితే ఆగదమ్మా, నొక్కి పట్టాలి. మా ఇంట్లోనూ ఒకరున్నారు" అన్నారు. టెక్కలి ఆసుపత్రి ముందు బస్సు ఆగేదాకా ఆ వేలు తీయలేదు. చొక్కా చేతులు రక్తంతో తడిసిపోయాయి. "బాబాయ్, కళ్లు మూయకండి, మీ కొబ్బరి తోట సంగతి చెప్పండి" అంటూ మాట్లాడిస్తూనే ఉన్నారు. అంత నీరసంలోనూ నాన్న 2018లో తిత్లీ తుపానుకు కూలిన చెట్ల గురించి ఆయనకు చెప్పసాగారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అక్కడ ఆగలేదు.

టిక్కెట్లు ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఇది ఆయన చేయవలసిన పని కాదు. పైగా ట్రిప్పు ఆలస్యమైనందుకు డిపోలో సంజాయిషీ చెప్పుకోవలసిందీ ఆయనే. పేరు రాయవద్దని మరీ మరీ చెప్పారు, రాయను. ఆ ఆలస్యం మా వల్లేనని డిపో మేనేజరు గారికి మాత్రం ఉత్తరం ఇస్తాను.

అమ్మ, తమ్ముడు, మావయ్య రాత్రే వచ్చేశారు.

ఒక మాట అడగకుండా ఉండలేను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు నిన్న మొన్నటిది కాదు. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు, కాదనను. కానీ దగ్గరలో మిషను ఖాళీ లేదని చెప్పి, నాలుగు గంటలు మిషను మీద ఉన్న మనిషిని వంద కిలోమీటర్లకు పైగా బస్సులో తిప్పడం న్యాయమా? ప్రతి బస్సులోనూ ఇలాంటి కండక్టరే ఉంటారా?

అయ్యో, డ్రైవర్ గారిని మరిచాను! ఎక్కడా ఆపకుండా బస్సును నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఒక్క ప్రయాణికుడు కూడా విసుక్కోలేదు. కుట్లు వేసిన డాక్టరమ్మకు, నాన్నకు టీ తెచ్చిచ్చిన వార్డు అబ్బాయికి దండాలు. కంచిలి వెళ్తున్నానన్న అక్కా, మీరిచ్చిన తువ్వాలుకు మరక పోలేదు, కొత్తది కొని ఉంచాను. ఇది చూస్తే కబురు పెట్టండి.