మన క్లాస్ వికీ: ఆదివారం లోపు తలా ఒక పేరా

అందరికీ నమస్తే. మన వికీ (అందరూ కలిసి రాసి, దిద్దుకునే వెబ్‌సైట్) సిద్ధమైంది, లింక్ పైన పిన్ చేశాను.

ఆదివారం రాత్రి 9 లోపు మీ టాపిక్ పేజీలో ఒక పేరా రాయండి. ఇంకొకరి పేజీలో కనీసం ఒక్క తప్పైనా దిద్దండి.

దిద్దడానికి మొహమాటం వద్దు. 1995లో అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ మొదటి వికీని పెట్టిందే ఎవరైనా మార్చుకునేలా. పొరపాటున పేజీ అంతా చెరిపేసినా టెన్షన్ పడకండి, 'చరిత్ర' నొక్కితే పాత రూపం దొరుకుతుంది. నిన్న నా పట్టిక మొత్తం పోతే రెండు నిమిషాల్లో అలాగే వెనక్కి తెచ్చుకున్నాను.

ఎందుకు మార్చారో 'సారాంశం' గడిలో ఒక్క ముక్క రాయండి, అవతలివాళ్లు నేర్చుకునేది అక్కడే. అభిప్రాయం కలవకపోతే వాక్యం తీసేయకండి, 'చర్చ' పేజీలో మాట్లాడుకుందాం.

మర్చిపోవద్దు: ఇద్దరు ఒకేసారి ఒకే పేజీ మారిస్తే మార్పులు ఢీకొంటాయి. మొదలుపెట్టే ముందు ఇక్కడ ఒక మాట చెప్పండి.