గండిపేట నీళ్లలో బిర్యానీ ప్లేట్లు

సంపాదకునికి,

అయ్యా,

మొన్న ఆదివారం పొద్దున్నే మనవడితో గండిపేట చెరువుకు వెళ్లాను. రాత్రి ఎవరో పుట్టినరోజు చేసుకున్నట్టుంది. కేకు డబ్బా, బిర్యానీ తిన్న ప్లేట్లు, పగిలిన సీసాలు నీటి అంచున తేలుతున్నాయి. పది అడుగుల అవతల ఒకాయన బకెట్టుతో అదే నీళ్లు ముంచి కారు కడుగుతున్నాడు. ఆ నురగంతా తిరిగి చెరువులోకే. ‘తాతా, ఈ నీళ్లేనా మనం తాగేది?’ అన్నాడు వాడు.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయమిది, 1920లో పూర్తయింది. ఇక్కడి నుంచి ఆసిఫ్‌నగర్ దాకా నీరు మోటార్ల పని లేకుండా వాలు మీదే వచ్చేది. మా చిన్నప్పుడు నల్లా తిప్పి నోరు పెట్టి తాగేవాళ్లం. కృష్ణా, గోదావరి జలాలు వచ్చాక ఊరికి దీని అవసరం తగ్గి ఉండొచ్చు, తీరిపోలేదు. చెరువు పరిసరాల్లో కట్టడాలను అడ్డుకునే 1996 నాటి ప్రభుత్వ ఉత్తర్వు, 111 జీవో ఆంక్షలు 2022లో సడలాక భయం ఇంకా పెరిగింది.

జనం రావద్దని నేననను. నేనూ గాలి కోసం వెళ్లేవాణ్ణే. కాకపోతే బండ్లు నీటిదాకా పోకుండా అడ్డం పెట్టాలి, చీకటి పడ్డాక కాపలా ఉండాలి. చెత్తడబ్బాలు కూడా పెట్టండి. నేను చూసిన ఒక్కటీ బోర్లా పడి ఉంది.

— ఒక పాఠకుడు, లంగర్‌హౌజ్, హైదరాబాద్